విసరుట, త్రోయుట, కొట్టుట

వార్షిక సంచికకు ఆంగ్లభాషను గూర్చి యేదైన వ్రాయుడని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. వ్యాకరణసూత్రములను గూర్చియు, ఉచ్చారణను గూర్చియు వ్రాయగల పెద్దలు పెక్కురు కలరు. మేము బంతిని విసరుట, రాతిని రువ్వుట, తలుపును నెట్టుట, మేకును కొట్టుట మొదలగు పనులను దెలుపు కొన్ని చిన్న క్రియలను గూర్చి మాత్రమే వ్రాయదలచితిమి. ఇంత యల్పవిషయమునకు ఇన్ని పుటలా యని కొందఱు చదువరులు నవ్వవచ్చును. కాని పెద్ద మాటలయొద్ద మన విద్యార్థులు తడబడుట తక్కువ. అవి నిఘంటువు చూచి కంఠస్థము చేసినవి. తడబాటంతయు ఈ చిన్న మాటలయొద్దనే. ఒకనాడు మేమును ఇచ్చటనే తడబడితిమి. ఆ సంగతితోనే ఆరంభింతుము.

ఎనిమిదవ తరగతికి క్రియలు చెప్పుచు, నల్లబల్లపై ‘త్రో అనగా విసరు’ అని వ్రాసి, తరువాతి మాటకు పోబోవుచుంటిమి. ఈపురుపాలెమున నేతపని చేయువారి పిల్లవాడొకడు లేచి నిలిచెను. “మాస్టారూ, మా తాతయ్య నాడెను చేత్తో విసిరేవాడట. మా నాన్న తాడు గుంజుతాడు, నాడె దానంతట అదే పరుగెత్తుతుంది. ఇద్దరికీ త్రో అనే రాయాలాండీ?” అని యడిగెను. గంట కొట్టు వేళ యగుచుండెను. “ఆ, అదే రాయి” యని చెప్పి కూర్చుండబెట్టితిమి. తరగతి నవ్వెను. పిల్లవాడు నవ్వలేదు. ఇంటికి పోయిన పిదప ఆ ప్రశ్న మమ్ము విడువలేదు. రాత్రి నిఘంటువులు ముందు వేసికొని కూర్చుండిన పిమ్మట, పిల్లవాడు మాకంటె సరిగా ఆలోచించెనని తేలినది.

మగ్గము నెఱుగని చదువరులకు ఒక మాట చెప్పవలెను. నిలువుగా సాగు పోగులు పడుగు. అడ్డముగా పోవునది పేక. గుంటలో కాళ్ళు పెట్టుకొని కూర్చున్న నేతగాడు తొక్కుడుకఱ్ఱను తొక్కగా పడుగు రెండుగా విడి నడుమ సందు ఏర్పడును. పేక చుట్టిన కండెను కడుపున దాచుకొన్న నాడె ఆ సందులో ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు పోవలెను. పూర్వము దానిని ఒక చేత విసరి రెండవ చేత పట్టుకొనెడివారు. కావున చేతులు చాచినంత మేరయే గుడ్డ పన్నా. అంతకు మించిన వెడల్పు కావలసినచో ఇద్దఱు కూర్చుండవలసి వచ్చెడిది. 1733వ సంవత్సరమున లాంకషైరులోని బరీ ప్రాంతమువాడగు జాన్ కే యనునాతడు మగ్గమున కిరుప్రక్కల పెట్టెలమర్చి, త్రాటికి పిడి కట్టి, పిడిని గుంజినంతనే నాడె యొక పెట్టెనుండి మఱొక పెట్టెలోనికి పరుగెత్తునట్లు చేసెను. ఇరువదవ శతాబ్దపు తొలి దశాబ్దములలో ఈ పద్ధతి మద్రాసు రాజధానిలోని చేనేత గ్రామములందు వ్యాపించినది. కాబట్టి పిల్లవాని తాత విసరెను. తండ్రి విసరుట లేదు, గుంజుచున్నాడు. నాడె పోవుట ఒకటే, చేతి పని వేఱు. ఆంగ్లేయుడు ఈ రెండవ నాడెను ‘ఎగురు నాడె’ యనియే పిలిచెను. అనగా ఎగురుట నాడె పని యనియు, చేతిపని గుంజుట మాత్రమే యనియు అతడును గుర్తించినాడన్నమాట.

ఇంతకంటె వింత యేమనగా, మగ్గముచుట్టు ఉన్న ఆంగ్లపదములలో సగము విసరుటకు సంబంధించినవే. నాడెను వారు షటిల్ అందురు. ప్రాచీనాంగ్లమున ఆ మాటకు దూసికొనిపోవు బాణమనియు ఈటె యనియు అర్థము. షూట్ అను క్రియకు అది దగ్గఱి చుట్టము. నాడె పడుగును ఒకసారి దాటుటను పిక్ అందురు. అది పిచ్ అను క్రియకు రూపాంతరము. పడుగునకు వారి మాట వార్ప్. వేయేండ్ల క్రిందట ఇంగ్లండున విసరుటకు వాడుకలో నుండిన క్రియకు ఇది తోబుట్టువు. జర్మనులు నేటికిని విసరుటను వెర్ఫెన్ అనుచున్నారు. పేక దేనిగుండ విసరబడునో అది వార్ప్. మనవారు పడుగును విసరలేదు, పోసిరి. పడుగు పోయుట, ఆసు పోయుట యనుటయే మన వాడుక. కరగిన లోహమును అచ్చులో నింపుటకును వారు విసరుమాటయగు కాస్ట్ అందురు. మనము పోతపోయుట యందుము. వారు విసరినచోట మనము పోసితిమి. ఓటు విషయమున మాత్రము ఉభయులకును పొత్తు కుదిరినది. వారు కాస్ట్ అందురు, మనము వేయుట యందుము.

ఈ కాస్ట్ అను మాట ఇంగ్లండున పుట్టినది కాదు. తొమ్మిదవ శతాబ్దమునుండి ఆ దేశమున స్థిరపడిన ఉత్తరదేశీయుల వెంట వచ్చి, పాత మాటను త్రోసి తాను కూర్చున్నది. 1611లో అచ్చయిన ఆంగ్ల బైబిలున వలకును, రాళ్ళకును, చీట్లకును ఎక్కువగా కనబడునది కాస్ట్ అను మాటయే. తరువాత త్రో వచ్చి దానిని వెనుకకు నెట్టినది. నేడు వలయు, నీడయు, ఓటును, పోత ఇనుమును కాస్ట్‌నకు మిగిలినవి. బంతియు రాయియు త్రో చేతికి పోయినవి. ఓడరేవు తీరమున వల విసరువారిని చూచి వర్ణించు విద్యార్థి త్రో అని వ్రాసినచో భావము తెలియును గాని, చదివిన ఆంగ్లేయునకు కొంత ఎబ్బెట్టుగా నుండును.

త్రో అను మాటకు మొదట విసరుట యను అర్థమే లేదు. మెలిపెట్టుట, త్రిప్పుట యనునవి దాని తొలి యర్థములు. అందువలననే కుమ్మరి సారెపై కుండ చేయుటను ఆంగ్లేయులు నేటికిని త్రో అందురు. పట్టుదారమునకు పురిపెట్టుటకును అదే మాట. ఇది యెఱుగక మన విద్యార్థి యనువదించిన యెడల ఆ కుమ్మరి కుండను వీధిలోనికి విసరివేసినట్లగును! త్రిప్పుట విసరుటగా నెట్లు మాఱినదని సందేహపడువారు ఒడిసెలను తలచుకొందురు గాక. దావీదు గొల్యాతుల కథ మన విద్యార్థులందఱు ఎఱిగినదే. ఒడిసెలలో రాయి పెట్టి గిరగిర త్రిప్పి విడుతురు. త్రిప్పుట ఆగిన క్షణమే విసరుట. చేతితో విసరినను భుజము తిరుగకుండ రాయి దూరము పోదు.

ఇచ్చటనే మాకొక సంతోషము కలిగినది. మన తెలుగున విసరుట యననేమి? రాతిని విసరుదుము. తిరగలిని విసరుదుము, పిండి విసరు రాయి కనుకనే అది విసుర్రాయి. విసనకఱ్ఱతో విసరుదుము. ఒక్క మాటలో త్రిప్పుటయు, ఊపుటయు, వదలుటయు ఇమిడియున్నవి. ఏడు సముద్రముల కావల నున్న భాషయు, తూర్పుతీరమున నున్న మన భాషయు, ఒకదాని నొకటి యెఱుగకయే, త్రిప్పు చేతిలోనే విసరు చేతిని చూచినవి. ‘త్రో అనగా విసరు’ అని నల్లబల్లపై వ్రాసి తుడిచివేయుచున్న మాకు ఇంతకాలము ఈ సంగతి తోచకపోవుట సిగ్గుపడదగినదే. కొందఱు బాలురు శబ్దసామ్యమును బట్టి త్రో అనగా మన త్రోయుటయే యనుకొందురు. ఆ రెంటికిని ఏ చుట్టఱికమును లేదు. త్రోయుట నెట్టుట, త్రో నెట్టుట కాదు.

నెట్టుటకును విసరుటకును గల భేదమును ఆంగ్లభాష చాల జాగ్రత్తగా పాటించును. చేతినుండి విడివడి తన దారిని తాను పోవు వస్తువు వేఱు; చేయి ఆనియున్నంతవఱకే కదలు వస్తువు వేఱు. బంతిని నాకు వేయుమనుటకు ‘త్రో మి ద బాల్’ అనవచ్చును. తన్ని పంపుమనుటకు ‘కిక్ మి ద బాల్’ అనవచ్చును. బల్లను నావైపు నెట్టుమనుటకు మాత్రము ‘పుష్ మి ద టేబుల్’ అని ఆంగ్లేయుడు పలుకడు. బల్లను ముందు చెప్పి, నావైపు అను మాట వెనుక చేర్చును. మనమును ‘నాకు బంతి వేయి’ అందుము గాని, ‘నాకు బల్ల నెట్టు’ అనము. ఏ వ్యాకరణపుస్తకమును చెప్పకుండగనే పిల్లవాని కిది తెలియును. తెలిసినదానిని తెలిసినదని చూపుటయే ఉపాధ్యాయుని పని. మేము చేయుచున్నది దానికి విరుద్ధము; తెలియనిదానివలె వ్రాయించి, కంఠస్థము చేయించి, తప్పినచో ఎఱ్ఱసిరాతో కొట్టివేయుచున్నాము.

ఎఱ్ఱసిరా యెక్కువగా ఖర్చగునది మఱొకచోట. ‘అతడు నాకు బంతి విసరెను’ అనుదానికి ఒక బాలుడు త్రో వెంట ‘ఎట్’ చేర్చును. ‘కుక్కమీద రాయి రువ్వెను’ అనుదానికి ‘టు’ చేర్చును. అప్పుడు మొదటి వాక్యమున బంతి మనిషిని గాయపఱచుటకు వచ్చినట్లును, రెండవ వాక్యమున కుక్కకు రాయి బహుమానముగా నిచ్చినట్లును అగును. మనకు ఈ చిక్కు లేదు. అందుకొనువానికి వేయుదుము, తగులవలసినవానిపై రువ్వుదుము. రువ్వుట యను మాటలోనే దెబ్బ యున్నది. త్రో అను మాటలో దెబ్బయు లేదు, ప్రేమయు లేదు. అవి ప్రక్కనున్న చిన్న మాటలో నున్నవి. ఈ సంగతి చెప్పక ‘టు’, ‘ఎట్’ అనువానికి పట్టిక లెన్ని వ్రాయించినను ప్రయోజనము కనబడలేదు.

కొట్టుట విషయమున కథ తలక్రిందు. ఇచ్చట మనమాట విశాలము, వారి మాటలు ఇఱుకు. చెట్టు కొట్టుదుము, టెంకాయ కొట్టుదుము, గంట కొట్టుదుము, తలుపు కొట్టుదుము, మేకు కొట్టుదుము, గోడకు సున్నము కొట్టుదుము, చప్పట్లు కొట్టుదుము, ఈత కొట్టుదుము, చక్రమునకు గాలి కొట్టుదుము; పరీక్షలో ప్రక్కవానిది చూచి వ్రాయుటయు కొట్టుటయే. 1852లో బ్రౌను దొర ప్రకటించిన తెలుగు నిఘంటువున ఈ యొక్క క్రియకు ఎన్నో అర్థము లీయవలసి వచ్చెను. ఆంగ్లేయుడు వీనిలో ప్రతిదానికి వేఱొక క్రియ తెచ్చును. కొట్టు అనగా బీట్ అని నేర్చిన మన బాలుడు ‘బంతిని కొట్టెను’ అనుటకు బీట్ వేసినచో బంతిని ఓడించెననియో, పడవేసి బాదెననియో అర్థము వచ్చును. బీట్ అనగా మరల మరల కొట్టుట. హిట్ అనగా ఒక్క దెబ్బ. అది తగిలిన దెబ్బ. ఉత్తరదేశీయులనుండియే వచ్చిన ఈ హిట్‌నకు మొదటి యర్థము ఎదురుపడుట. అందుచేతనే మనిషి కొట్టినను హిట్, రాయి తగిలినను హిట్. మనకు మనిషి కొట్టును, రాయి తగులును. ‘రాయి వానిని కొట్టెను’ అని ఈ నడుమ అనువాదములలో కనబడుచున్నది. అది తెలుగు కాదు.

అవయవమును బట్టియు సాధనమును బట్టియు చెప్పుటలో మాత్రము మనము వారికి తీసిపోము. అరచేత చరచుట, పిడికిట గుద్దుట, కాలితో తన్నుట, కొమ్ముతో కుమ్ముట, కఱ్ఱతో బాదుట, వ్రేలితో గోలీని చిమ్ముట. వీనికి వారి స్లాప్, పంచ్, కిక్ మొదలగునవి చక్కగా అతుకును. మొట్టుటకు మాత్రము ఆంగ్లమున ఒక్క మాట దొరకలేదు. వ్రేళ్ళకణుపులతో తలపై కొట్టుట యని నాలుగైదు మాటలు ఖర్చుపెట్టవలెను. మా వృత్తివారు తరతరములుగా వాడిన క్రియ యది. 2009 నాటి విద్యాహక్కు చట్టము దానిని నిషేధించినది కనుక అనువాదపు బాధయు తీరినది.

ఆటల దినమున ఈ క్రియలు కేవలము మాటలుగా నుండవు. ఇనుపగుండు ఆటను ఆంగ్లేయులు త్రో అనక పుట్ అందురు. పుట్ అనగా ఇచ్చట ఉంచుట కాదు. నెట్టుట, పొడిచినట్లు త్రోయుట యను పాత యర్థము నిలిచియున్నది. వయోజనులగు పురుషులకు 7.26 కిలోగ్రాముల బరువుగల ఆ గుండు మెడచెంతనుండి ఒక్క చేతితో త్రోయబడవలెను. చేయి భుజరేఖకు వెనుకకు పోయినచో ఆ యత్నము చెల్లదు. దీనిని ‘గుండు విసరుట’ యని తెలుగున చెప్పి పంపగా, మాట నమ్మిన బాలుడు బంతివలె విసరి తప్పు పుచ్చుకొనును. ఇచ్చట మన త్రోయుటయే సరియైన మాట. క్రికెట్టునందు మోచేయి వంచి చాపి విసరుట దోషము. ఆ దోషము పేరే త్రో. మనము ‘బంతి వేసెను’ అని రెంటిని ఒకే మాటలో కలిపి చెప్పుచున్నాము. తెలుగు కుటుంబమున 1895లో నాగపూరున జన్మించిన సి. కె. నాయుడు 1926లో బొంబాయియందు ఇంగ్లండునుండి వచ్చిన ఎం.సి.సి. జట్టుపై 153 పరుగులు చేసి, అందు 11 మారులు ఆఱేసి పరుగుల దెబ్బలు కొట్టెను. ఆ దెబ్బను చెప్పుటకు ఆంగ్లేయునకు హిట్ అను క్రియయు, ఎల్లను దాటుటకు ‘ఓవర్’ అను చిన్న మాటయు చాలును. మనకు కొట్టుట ఒక క్రియ, దాటించుట మఱొక క్రియ, కొట్టి దాటించెను. ఈ జోడింపు తెలిసినవాడు తలుపును తన్ని తెఱచుటను గాని, పండును రాతితో కొట్టి రాల్చుటను గాని ఆంగ్లమున చెప్పుటకు జంకడు.

ఇంతవఱకు ఆంగ్లమును గూర్చి. మాకు ఎక్కువ బాధ కలిగించు సంగతి వేఱు. మా ఆటస్థలమున నేడు వినవచ్చు మాటలివి: త్రో చేశాడు, హిట్ చేశాడు, కిక్ చేశాడు, పుష్ చేశాడు. ఆంగ్లక్రియకు ‘చేయు’ తగిలించి పనికానిచ్చుచున్నారు. పరభాషాపదము వచ్చెనని మేము చింతింపము. బంతి యాటలతో పాటు వాని పేర్లును వచ్చును. కాని ఇట్లు పలుకు బాలునకు రెండువిధముల నష్టము. రువ్వుట, గిరవాటువేయుట, చిమ్ముట, విదలించుట, ఎగురవేయుట యనువాని భేదము ‘త్రో చేయుట’లో మునిగిపోయినది, అది మొదటి నష్టము. ఆ భేదము చేజారినవానికి టాస్, ఫ్లింగ్, హర్ల్ అనువాని భేదము పట్టుబడదు, ఇది రెండవది. నాణెమును పైకి ఎగురవేయుట టాస్. కోపముతో గిరవాటువేయుట ఫ్లింగ్. బలముకొలది దూరముగా విసరుట హర్ల్. తెలుగున మూడు చేతులను ఎఱిగినవాడు ఆంగ్లమున మూడు మాటలను అడుగును. ఒక్క చేతినే ఎఱిగినవాడు ఒక్క మాటతో తృప్తిపడును.

పాఠ్యభాగము ముగియుటకే కాలము చాలదు, బంతులును రాళ్ళును తరగతికి తెచ్చుట యెట్లని సహోపాధ్యాయులు కొందఱు మమ్ము అడిగిరి. వారి మాట తీసివేయదగినది కాదు. పదవ తరగతి పరీక్ష అందఱి నెత్తిన నున్నది. అయినను వారమునకు పది నిమిషములు చాలునని మా యనుభవము. ఒక నాణెము, ఒక బంతి, ఒక సుద్దముక్క, గూటీబిళ్ళ, వీలైనచో ఒక నాడె. మొదట పిల్లవాడు చేసి చూపవలెను. పిమ్మట తెలుగున ఇంటివారు పలుకు మాటను చెప్పవలెను. ఆ పిమ్మటనే ఆంగ్లపు మాట. ఈ వరుసను తలక్రిందు చేయుటవలననే మేము చెడితిమి. రైతుబిడ్డలున్న తరగతిలో వెదజల్లుటతో మొదలుపెట్టవచ్చును. విత్తును చేతితో నలుదెసల చల్లుటకు ఆంగ్లేయులు బ్రాడ్‌కాస్ట్ అనెడివారు. రేడియో వచ్చిన తరువాత ఆ మాటనే దానికి వాడిరి. మనము వెదజల్లుటను పొలముననే విడిచి, ప్రసారమను సంస్కృతపదమును తెచ్చుకొంటిమి. అది తప్పని యనము. కాని ఆ కథ విన్న బాలుడు కాస్ట్ అను మాటను మఱి మఱువడు.

మఱుసటి వారము ఆ పిల్లవానిని పిలిచి, నీ ప్రశ్నకు మేము తప్పు చెప్పితిమని తరగతిలోనే యొప్పుకొంటిమి. తాతకు త్రో సరియే. తండ్రికి పిడిని గుంజుట యను పుల్ గాని, జెర్క్ గాని వ్రాయుము. నాడెకు ఎగురుట వ్రాయుమని చెప్పితిమి. అతడు వ్రాసికొని, కొంతసేపు కలము పట్టుకొని నిలిచి, “నాడె పోయాక పలకతో పేకను దగ్గరికి కొడతారండీ. దానికి హిట్ రాయాలా, బీట్ రాయాలా?” అని యడిగెను. ఈసారి నిఘంటువు చూచియే చెప్పితిమి. నేతపనిలో దానికి ఆంగ్లేయులు వాడు మాట బీట్. దినమంతయు మరల మరల కొట్టునది గనుక అదియే తగినది. “అయితే మా నాన్నకు అది సరిపోతుంది” అని యతడు కూర్చుండెను.